సిరొంచ దాకా

పదకొండో రోజు మధ్యాహ్నం
నది వెడల్పు చూసి సడవలి అన్నాడు:
"అయిపోవచ్చింది."
ఆ మాటకు ముందుగా నొచ్చుకున్నవి
నా మడమల మీది బొబ్బలు.

వార్ధా, వైన్‌గంగా కలిసి
పేరు మార్చుకున్న చోట మొదలుపెట్టాం,
ప్రాణహితకు ఎడమ ఒడ్డున,
టేకాకులు కాలి కింద అప్పడాల్లా విరిగే పుష్యమాసంలో.
నలభై ఆరేళ్లకు చేసుకున్న పెళ్లి మాది.
పందిరి లేదు, సన్నాయి లేదు,
అహేరిలో ఒక ఆఫీసు బల్ల మీద రెండు సంతకాలు.
"ఎటన్నా పోదామా?" అన్నాడు బయటికొచ్చాక.
"నడిచి" అన్నాను.
వెనక్కి తీసుకోవడానికి వీల్లేని మాటలు కొన్ని ఉంటాయి.

మిరప చేనుకు నీళ్లు కడుతున్న ముసలమ్మ
కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.
"సిరొంచకు ఎర్ర బస్సున్నది గద బిడ్డా,
అయిదు గంటలల్ల దించుతది."
ఉన్నదవ్వా, అన్నాం.
"పైసలు లెవ్వా?"
ఉన్నయవ్వా.
ఇంకేమీ అడగలేదు.
పిడికెడు పచ్చిమిరపకాయలు నా చున్నీలో పోసింది,
పిచ్చివాళ్ల మీద చూపే దయతో.

నాలుగో రోజు ఉప్పు పోయింది.
పొట్లం నీ సంచిలోనే పెట్టానన్నాను.
నాకివ్వనేలేదు అన్నాడు.
ఉప్పు దగ్గర మొదలైన మాట
ఆయన మొదటి భార్య దాకా, మా అన్నల దాకా వెళ్లింది.
ఆ రోజంతా నూరడుగుల ఎడంగా నడిచాం.
వాగు వచ్చిన చోట మాత్రం ఆగేవాడు,
వెనక్కి తిరగకుండానే కర్ర చివర నా వైపు చాచేవాడు.
పట్టుకునేదాన్ని.
అవతలి గట్టు ఎక్కగానే వదిలేసేదాన్ని.

ఆ కర్ర ఇప్పుడు జానెడు అరిగింది.
పోయిన జానెడు ఎక్కడెక్కడ రాలిందో!
కొంత ఇసుకలో, కొంత ఇప్పచెట్ల కింద,
కొంత కుక్కలు మమ్మల్ని తరిమిన ఏదో ఊరి పొలిమేరలో.

రోడ్డు పక్కకొచ్చినప్పుడల్లా
రాళ్ల మీద మరాఠీ అంకెలు.
మొదట్లో అవి తగ్గుతుంటే సంబరపడ్డాం.
తొమ్మిదో రోజు నుంచి
ఇద్దరం వాటివైపు చూడటం మానేశాం,
ఒకరికొకరం చెప్పుకోకుండానే.

సంగమం కనబడింది.
రెండు నీళ్లు, రెండు రంగులు,
కొంత దూరం అంటీ అంటకుండా పక్కపక్కనే.
సడవలి నోరు తెరిచాడు.
"పోలిక చెప్పకు" అన్నాను.
మూసుకున్నాడు. భుజాలు మాత్రం నవ్వుతున్నాయి.
అవతలి ఒడ్డున గుడి మైకు
తప్పిపోయిన పిల్లాడి చొక్కా రంగు చెబుతోంది.

ఇంకో రెండు వందల అడుగులు.
చెప్పులో రాయి గుచ్చుతోందని కూర్చున్నాను.
రాయి లేదు.
ఆయన పడవవాణ్ణి అడిగి బీడీ తెచ్చుకున్నాడు,
మానేసి మూడేళ్లయిన మనిషి.
నేనేమీ అనలేదు.
కొంగలు వెళ్లిపోయాయి. పడవ వెళ్లిపోయింది.
మైకులో పిల్లాడు దొరికాడు.
ఇద్దరం ఇంకా అక్కడే,
అన్నంలో చివరి ముద్ద మిగుల్చుకున్న పిల్లల్లా.

చీకటి పడ్డాక లేచాం.
ఎవరు ముందు చేరారో చెప్పలేను.
పాదానికి తడి తగిలింది,
పక్కనే ఇంకో పాదం నీళ్లలో పడిన చప్పుడు.

బస్టాండు ఎదుటి లాడ్జిలో
మంచం మీద సంచులు బోర్లించాం.
కుట్టు ఊడిన నా సంచి అడుగు పొరలోంచి
జారింది ఉప్పు పొట్లం,
చెమ్మకు గట్టిపడి గులకరాయిలా.

నేను గోడ మీది బల్లిని చూశాను, చాలాసేపు.
సడవలి దాన్ని మంచం కోడుకేసి కొట్టి చిదిపాడు,
ఉడికిన గుడ్డు రెండుగా కోశాడు,
చల్లాడు,
నా సగం నాకిచ్చి
"సరిపోయిందా?" అన్నాడు.

ఎక్కువైంది.
తిన్నాను.